విడిచి ఉండవనే పిల్లుల జంట: ఒక్కటే అడిగితే ఇవ్వొచ్చా?

ఓరుగల్లు_మ్యావ్:
హన్మకొండల రోడ్డు మీద దొరికిన రెండు పిల్లులకు ఇల్లు చూస్తున్నం. గండుపిల్లి ఒకటి, ఆడపిల్లి ఒకటి. రెండేళ్లుంటయి, రెండింటికీ పిల్లలు కాకుండ ఆపరేషన్ అయింది. ఒకదాన్ని విడిచి ఒకటి ఉండవు, కలిపే ఇస్తమని ప్రకటనల రాసినం. ఫోన్ చేసినోళ్లందరూ ఒక్కటే చాలంటున్నరు. షరతు తీసెయ్యాల్నా?

కాజీపేట_జంక్షన్:
తియ్యొద్దు. ఆనుకొని పడుకునుడు, ఒకదాని తల, మెడ ఇంకోటి నాకుడు, తోక నిక్కబెట్టి ఎదురొచ్చి తలలు రుద్దుకునుడు ఉన్నయా? ఉంటే జంటే. విడదీస్తే ఒకటి అరుసుకుంట ఇల్లంతా ఎతుకుతది, లేకుంటే మంచం కిందికి దూరి తిండి మానేస్తది. పిల్లి తిండి మానేసుడు చిన్న విషయం అనుకోవద్దు. రెండు మూడు రోజులు ఏమీ ముట్టకపోతే ఒంట్లె కొవ్వు లివర్‌ల పేరుకుంటది. లావు పిల్లికైతే ముప్పు ఇంకా ఎక్కువ. కామెర్ల దాకా పోతే ట్యూబు పెట్టి వారాల తరబడి తినిపించాలె.

కిరాయి_ఇల్లు:
అన్నా, ఆనుకొని పడుకునుడు చలికాలంల ఒక్క అర్రల మూసిపెట్టిన ఏ పిల్లులైనా చేస్తయి. ఒక ఈతల పుట్టినయి కాబట్టి జంట అని రాసేటోళ్లు ఇంకొందరు. పెద్దగైనంక మొఖాలు చూసుకోని తోబుట్టువులు ఎన్ని లేవు! గిన్నె పెట్టినప్పుడు చూడండి: ఒకటి తింటుంటే ఇంకోటి దూరంగ కూసుంటదా? లిట్టర్ ట్రేకు (ఉచ్చ, దొడ్డికి ఇసుక పోసిన పళ్లెం) పొయ్యే దారికి ఒకటి అడ్డం పండుకొని కదలకుండ చూస్తదా? అది పెత్తనం. దాన్నే ప్రేమ అనుకొని కలిపి ఇస్తే, కొత్త ఇంట్ల రెండోది పరుపు మీద ఉచ్చ పోస్తది, వారం తిరక్కముందే రెండూ వాపసొస్తయి.

సూదిమందు:
వాదన ఎందుకండీ, పరీక్ష పెట్టి చూడొచ్చు. ముందు ఆపరేషన్ అయి రెండు వారాలు దాటాలి. లేదంటే తిననిది నొప్పికా, బెంగకా అన్నది తేలదు. తర్వాత రెండింటినీ వేర్వేరు గదుల్లో ఉంచండి. మేడ ఉంటే ఒకటి కింద, ఒకటి పైన. ఒక్కోదానికి నీళ్లు, ట్రే, దాక్కోవడానికి అట్టపెట్టె ఇవ్వండి.

పొడి తిండి తూచి పెట్టండి. 4 కిలోల పిల్లికి రోజుకు 50 నుంచి 60 గ్రాములు సరిపోతుంది, ప్యాకెట్ మీది లెక్క కూడా చూసుకోండి. మర్నాడు మిగిలింది తూచండి. సగం పైన తిని, ట్రే వాడి, దారం ఆడిస్తే కదిలితే ఇంకో రోజు కొనసాగించండి. 24 గంటలు అసలు ముట్టకపోతే పరీక్ష అక్కడితో బంద్, వెంటనే కలిపేయండి. మొదటి రెండు మూడు గంటల అరుపులను లెక్కలోకి తీసుకోవద్దు, తలుపు మూస్తే ఏ పిల్లైనా అరుస్తుంది.

కాజీపేట_జంక్షన్:
మీ పరీక్షల ఇల్లు అదే, మనుషులు వాళ్లే. తోడు పోవుడు ఒక్కటే కొత్త. దత్తతకు పోయినప్పుడు మూడూ ఒక్కసారే పోతయి. ఇక్కడ పాసైంది అక్కడ ఫెయిల్ కావొచ్చు కదా?

సూదిమందు:
కావొచ్చు. అందుకే ఒక్కటి ఇచ్చినా రెండు వారాలు ట్రయల్ అని కాగితం మీద రాసుకోవాలి. అప్పటిదాకా రెండోదాన్ని ఎవరికీ ఇవ్వకూడదు.

గిన్నెల_లెక్క:
ఒక్కటే అడిగేటోళ్ల భయమంతా ఖర్చు గురించే, అది చెప్పకుండ షరతు పెడితే ఎవరూ రారు. తిండి రెట్టింపు: రెండింటికి నెలకు మూడు, మూడున్నర కిలోలు. ట్రైక్యాట్ (మూడు పిల్లి జబ్బులకు కలిపి ఏసే టీకా), రేబిస్ టీకాలు రెట్టింపు. డాక్టర్ దగ్గరికి తీస్కపోయే బుట్టలూ రెండు కావాలె. ట్రేలు మూడు, పిల్లుల కంటె ఒకటి ఎక్కువ. మూడూ పక్కపక్కన పెడితే పిల్లికి ఒక్కటి కిందే లెక్క, అర్రకొకటి పెట్టాలె. ఇసుక రెండు మూడు అంగుళాల మందం.

కిటికీకి దోమల జాలి ఆగదు, చింపేస్తయి. స్టీల్ జాలి కొట్టియ్యాలె, దానికి ఓనర్‌ను ముందే అడగాలె. ఎండాకాలం 44 డిగ్రీలు దాటుతది, కూలర్ ఉన్న అర్ర రెండింటికీ అందాలె. చీమలకు తిండిగిన్నె కింద నీళ్ల పళ్లెం పెడితే చాలు. పాలన్నంతోనే సాకుతమనేటోళ్లకు మాత్రం ఒక్కటి కూడ ఇయ్యొద్దు. మాంసంల ఉండే టారిన్ అందకపోతే పిల్లికి కండ్లు, గుండె ఖరాబైతయి.

సూదిమందు:
ఒక మాట కలుపుతున్నా. ఒక్క పిల్లినే క్లినిక్‌కు తీసుకెళ్లి తెస్తే దాని ఒంటి మీద మందుల వాసన ఉంటుంది, ఇంట్లోది గుర్తుపట్టక బుసకొట్టి కలబడుతుంది. చూసేవాళ్లు జంట చెడిపోయిందనుకుంటారు. వచ్చినదాన్ని ఒక పూట వేరుగా ఉంచి, ఒకే తువ్వాలతో రెండింటినీ తుడిచి కలపండి. పరీక్ష తర్వాత కలిపేటప్పుడు కూడా ఇంతే.

కిరాయి_ఇల్లు:
సరే, పరీక్షల ఆడపిల్లి మంచిగ తిని, గండుపిల్లి తినకపోతే?

కాజీపేట_జంక్షన్:
కలిపే ఇయ్యాలె. తిననిదాన్ని చూసే నిర్ణయం చెయ్యాలె.

కిరాయి_ఇల్లు:
దానికోసం ఆడపిల్లికి వచ్చిన ఇల్లు పోవాల్నా? గండుపిల్లికి నెమ్మదైన ఇంకో పిల్లిని జత చెయ్యొచ్చు.

సూదిమందు:
చేయొచ్చు, కానీ వరస మార్చండి. కొత్త పిల్లిని అలవాటు చేయడానికి వారాలు పడుతుంది: ముందు తలుపుకు అటూ ఇటూ గిన్నెలు, తర్వాత దుప్పట్ల మార్పిడి, ఆ తర్వాత జాలి గుండా చూపు. ఆడపిల్లి ఇంట్లో ఉండగానే ఇదంతా అయి, గండుపిల్లి కొత్తదాని పక్కన తినడం మొదలుపెట్టాక ఆడపిల్లిని పంపండి.

ఓరుగల్లు_మ్యావ్:
ఆదివారం నుంచి పరీక్ష పెడ్తం. తూకం లెక్కలు ఇక్కడనే రాస్త.