800 మీటర్ల ప్రాక్టీస్‌ల మోకాలిచిప్ప నొస్తుంది, ఆపాలా ఉరకాలా?

జగిత్యాల_బిడ్డ
అందరికీ నమస్తే. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు (ఉరుకుడు, లాంగ్ జంప్, షాట్‌పుట్) ప్రాక్టీస్ చేస్తున్న. నోటిఫికేషన్ ఇంకా పడలే గని, పడినంక మొదలుపెడితే నాతోని కాదని ఇప్పటి నుంచే ఉరుకుతున్న. వయసు 27, బాబుకు రెండేండ్లు, ఆపరేషన్ డెలివరీ. బాబు లేవకముందే జూనియర్ కాలేజీ గ్రౌండ్‌కు పోయొస్త. వాన పడి గ్రౌండ్ బురదైతే సీసీ రోడ్డు మీదనే.

800 ఆగకుండ ఉరుకుతున్న గని టైం 5:50 కాడనే ఆగింది. గ్రౌండ్‌ల పోరగాండ్లు "అక్కా, రోజూ 1600 కొట్టు, 800 అల్కగైతది" అన్నరు. అట్లనే చేస్తున్న. ఇప్పుడు కుడి మోకాలిచిప్ప చుట్టూ సలుపు. ఉరుకుడు షురూ చేసినప్పుడు ఉంటది, ఒళ్లు వేడెక్కినంక తెల్వది. అసలు బాధ తర్వాత: మెట్లు దిగుతుంటే, బట్టలు పిండనీకి కూసొని లేస్తుంటే, బస్సుల కాళ్లు ముడుచుకొని కూసుంటే. వాపు లేదు. మా అత్తమ్మ "మోకాళ్ల నొప్పులు నాకు రావాలె గని నీకేంది" అని నవ్వుతది, మళ్ల తనే ఉప్పు కాపడం పెడతది.

ఆపితే దమ్ము పోతదని భయం, ఆపకుంటే మోకాలు పోతదని భయం. అనుభవం ఉన్నోళ్లు చెప్పుండ్రి.

గుంటూరు_ఎక్స్‌ప్రెస్
నీక్యాప్ వేసుకుని, ముందు ఒక నొప్పి బిళ్ల మింగి పరిగెత్తేయండి. మా బ్యాచ్‌లో సగం మంది అంతే.

ఫిజియో_ఖమ్మం
పై సలహా పాటించొద్దండి. బిళ్ల వేసుకుంటే నొప్పి తెలియదు, మోకాలి మీద భారం మాత్రం తగ్గదు. ఖాళీ కడుపుతో మింగి చెమటోడ్చి పరిగెత్తితే కడుపుకీ కిడ్నీలకీ కూడా చేటు.

చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసినవి ‘రన్నర్స్ నీ’ (Runner's Knee, పరిగెత్తేవాళ్లకి ఎక్కువగా వచ్చే మోకాలిచిప్ప నొప్పి) లక్షణాల్లా ఉన్నాయి. మోకాలిచిప్పకీ దాని వెనక తొడ ఎముకకీ మధ్య ఒత్తిడి పెరిగితే ఇలాగే మెట్లు దిగేటప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు నొప్పి వస్తుంది. గుజ్జు అరిగిపోయిందని ఎవరైనా అంటే బెదిరిపోకండి. 800 నుంచి ఒకేసారి 1600కి, అదీ రోజూ అంటే కండరాలకు అలవాటు పడే వ్యవధి లేదు.

పూర్తిగా మానొద్దు. రోజు విడిచి రోజు, దూరం సగానికి తగ్గించి పరిగెత్తండి. నొప్పి పదికి మూడు దాటకుండా, మర్నాటి పొద్దుటికి సర్దుకుంటే కొనసాగించవచ్చు. అడుగులు చిన్నవిగా, వెంటవెంటనే వేస్తే చిప్ప మీద భారం తగ్గుతుంది. పక్కకి పడుకుని పై కాలు ఎత్తడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము లేపడం, తక్కువ ఎత్తు మెట్టు మెల్లగా ఎక్కి దిగడం, ఇవి వారానికి మూడుసార్లు చేయండి. వారం రోజుల్లో అద్భుతాలేమీ జరగవు, నెలా నెలన్నర పడుతుంది.

మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుని చాపలేకపోయినా, కాలు ఉన్నట్టుండి పట్టు తప్పినా ఎముకల డాక్టర్‌కి చూపించాలి. మోకాలి కింద ఎముక మీద వేలు పెడితే ఒకేచోట చురుక్కుమంటున్నా పరుగు ఆపి చూపించుకోవాల్సిందే.

పీసీ_అక్క
చెల్లె, నేను 2022 నోటిఫికేషన్‌ల కొట్టిన. మాకు ఈవెంట్స్ డిసెంబర్ చలిల పెట్టిండ్రు, ఆడోళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. లెక్కేస్కో: రౌండ్‌కు 2:40, అంటే 100 మీటర్లకు 40 సెకన్లు. గది అంత స్పీడేం కాదు. మొగపిల్లలకు 1600, 7:15ల. వాళ్ల ప్రాక్టీస్ వాళ్లకు, నీకెందుకు?

నాకు తెల్సి నీ తిప్పలు దమ్ముది కాదు. మొదటి రౌండ్ వాళ్లెంబడి పడి ఉరికి, రెండోదాంట్ల ఈడ్చుకుంట వస్తున్నవ్. రేపు రౌండ్ రౌండ్‌కు టైం చూడు. 200 కాడ 1:15 కంటే ముందు పోతే కావాలని తగ్గు.

ఉరకని రోజు షాట్‌పుట్ చెయ్, 4 కిలోలది 4 మీటర్లు పడాలె. చానా మంది పట్టించుకోరు దాన్ని. లాంగ్ జంప్ 2.5 మీటర్లే గని, ఇసుక తవ్వి మెత్తగ చెయ్యకుండ దుంకకు, గట్టి నేల మీద పడితే ఆ దెబ్బ మోకాలికే. బూట్లు వేలు సందు ఉండేటట్టు తీస్కో, అడుగు ఒక దిక్కే అరిగితే మార్చు. బట్టలు పీటేసుకొని పిండు, గొంతుకూసోకు.

జగిత్యాల_బిడ్డ
అక్కా, చూసిన. మొదటి రౌండ్ 2:20, రెండోది 3:30! ఇయ్యాల ఒక్కటే రౌండ్, 2:38ల. మోకాలు కొంచెం గుంజింది, రెండుకు మించలే. ఫిజియో సార్‌కు కూడ థాంక్స్. ఈడ షాట్‌పుట్ గుండు ఎవరికాడ లేదు. రాయితోని చేస్తే నడుస్తదా?

పీసీ_అక్క
నడుస్తది. గుండ్రంగ ఉన్నది ఏరుకొచ్చి కిరాణం షాపుల తూకం వేయించు. మెడకు ఆనించి తొయ్యాలె, బంతి లెక్క విసిరితే ఫౌల్.