మయామీ బీచ్‌లో పేరున్న రెస్టారెంట్లు: పెద్దవాళ్లతో ఎక్కడికి వెళ్లాలి?

[బ్రికెల్ నుంచి]

అందరికీ నమస్కారం. ఉద్యోగం మారి ఈ మధ్యే డాలస్ నుంచి మయామీ వచ్చాం. సంక్రాంతికి అమ్మానాన్నలు, మా అత్తగారు వస్తున్నారు. సౌత్ బీచ్‌లో నలుగురూ చెప్పుకునే రెస్టారెంట్లు ఒకటి రెండైనా చూపించాలని ఉంది. నాన్నగారికి పీతలంటే ప్రాణం. అత్తగారు గుడ్డు కూడా ముట్టరు. ఎక్కడికి వెళ్లమంటారు?

[కెండాల్ నుంచి]

రండి రండి, మయామీకి స్వాగతం. సంక్రాంతి అన్నారు కాబట్టి నాన్నగారి అదృష్టం బాగుంది. ఇక్కడి స్టోన్ క్రాబ్ అనే పీతను అక్టోబరు 15 నుంచి మే 1 వరకే పడతారు. జనవరి అంటే నడి సీజను.

వాషింగ్టన్ అవెన్యూ దక్షిణపు కొసన ‘జోస్ స్టోన్ క్రాబ్’ ఉంటుంది. జో వైస్ అనే ఆయన 1913లో చిన్న ఫలహారశాలగా మొదలుపెట్టారు. మయామీ బీచ్ పట్టణంగా ఏర్పడింది 1915లో, అంటే ఊరికంటే ఈ కొట్టే పెద్దది. ఈ పీతను చంపరు. డెక్క విరిచి, పీతను మళ్లీ సముద్రంలోకి వదిలేస్తారు. బతికి బట్టకట్టిన పీతకు డెక్క తిరిగి మొలుస్తుంది. 2.875 అంగుళాలకు తగ్గిన డెక్కనూ, గుడ్లతో ఉన్న ఆడపీతనూ ముట్టుకోకూడదని చట్టం.

నాన్నగారికి ఒక మాట ముందే చెప్పి ఉంచండి: డెక్కలు చల్లగా వస్తాయి. పచ్చి డెక్కను మంచులో పెడితే కండ పెంకుకు అతుక్కుపోతుంది. అందుకే ఒడ్డుకు చేరగానే ఉడికించి, ఆ తర్వాత చల్లబరుస్తారు. పెంకు వాళ్లే పగలగొట్టి ఇస్తారు, పక్కన ఆవపిండి సాస్ పెడతారు. వేడివేడి ఇగురును ఊహించుకుని కూర్చుంటే మొదటి ముక్కకే ముఖం ముడుచుకుంటుంది. మొదటి ముక్క సాస్ లేకుండా తినమనండి, ఆ తీపి అప్పుడే తెలుస్తుంది. ధర రోజును బట్టీ, డెక్క సైజును బట్టీ మారుతుంది. ఆర్డరు ఇచ్చేముందు అడగడానికి మొహమాటపడకండి. అన్నిటికంటే పెద్ద సైజు గొప్ప చెప్పుకోవడానికే. నా మటుకు మీడియం చాలు.

అత్తగారికి మాత్రం అక్కడ పెద్దగా ఏమీ దొరకదు. ఆ సాస్‌లో గుడ్డుతో చేసే మయొనైజ్ ఉంటుంది, పేరుమోసిన ‘కీ లైమ్ పై’ అనే నిమ్మ మిఠాయిలో గుడ్డు సొన ఉంటుంది. నా సలహా: పక్కనే వాళ్లదే పార్శిల్ కొట్టు ఉంది. డెక్కలు కట్టించుకుని నడిచి సౌత్ పాయింట్ పార్కుకు వెళ్లండి. అత్తగారి పులిహోర డబ్బా ఇంటి నుంచే తెచ్చుకోండి. సాయంత్రం పూట ఓడరేవు నుంచి బయలుదేరే పెద్ద పెద్ద ఓడలు కళ్ల ముందే సముద్రంలోకి వెళ్తాయి. లోపలే కూర్చోవాలనుకుంటే శుక్ర, శనివారాల రాత్రులు మానుకుని, మధ్యాహ్నం తెరిచే రోజు చూసుకోండి.

సముద్రం వెంట సాగే ఓషన్ డ్రైవ్ వీధి నడవడానికి, తినడానికి కాదు. రంగురంగుల పాత భవనాలు తనివితీరా చూడండి. మెనూ పట్టుకుని ఎదురొచ్చేవాళ్లకు నవ్వి నమస్కారం పెట్టి ముందుకు సాగండి. బకెట్టంత గ్లాసులో వచ్చే పానీయం ధర ఒక్కోసారి బిల్లు వచ్చాకే తెలుస్తుంది. మయామీ బీచ్‌లో భోజనంపై 7 శాతం అమ్మకపు పన్నుకు తోడు 2 శాతం రిసార్ట్ పన్ను ఉంటుంది. దానిపైన సర్వీసు రుసుము 20 శాతం ముందే కలిపేస్తే, 100 డాలర్ల భోజనం దాదాపు 130 అవుతుంది. దాని కింద టిప్పు కోసం మళ్లీ ఖాళీ గీత! అది నింపనక్కర్లేదు. రుసుము కలుపుతున్నట్లు మెనూలోనూ బిల్లులోనూ రాసి తీరాలని ఫ్లోరిడా చట్టం. అక్షరాలు ఎంత చిన్నవైనా చదవండి.

బీచ్ దాటి ఒక్క చోటికి తప్పక వెళ్లండి: ఎనిమిదో వీధిలోని ‘వెర్సాయ్’ అనే క్యూబా రెస్టారెంటు. 1971లో ఫెలిపె వాల్స్ తెరిచారు. క్యూబా వదిలి వచ్చినవారు రాజకీయాలు మాట్లాడుకునే కూడలి అది. లోపల గోడలనిండా అద్దాలు. కానీ అసలు సందడి బయట కాఫీ కిటికీ దగ్గరే. ముందుగా దిగిన నాలుగు చుక్కల డికాక్షన్‌ను పంచదారలో వేసి తెల్లబడేదాకా గిలక్కొడతారు. మిగతా కాఫీ పోయగానే ఆ నురగ పైకి తేలుతుంది. ‘కొలాదా’ అడిగితే ఒక కప్పు కాఫీతో పాటు బుల్లి కప్పులు ఇస్తారు, అందరూ పంచుకోవచ్చు. పాలు కావాలంటే ‘కొర్తదీతో’. మీ అమ్మగారికి అదే నచ్చుతుంది.

[డోరల్ నుంచి]

వెర్సాయ్ గురించి చెప్పి అసలు జాగ్రత్త వదిలేశారు. రోపా వియెహా, వాకా ఫ్రీతా, పికదీయో మూడూ గొడ్డుమాంసమే, లెచోన్ పంది. నల్ల చిక్కుళ్లు చూసి శాకాహారమనుకోవద్దు, పంది ముక్క వేసి ఉడికించే అలవాటుంది. ‘మాంసం వద్దు’ అంటే హామ్ (పందితొడ మాంసం) వేసి తెచ్చేవాళ్లూ ఉన్నారు, వాళ్ల లెక్కలో అది వేరు. ‘హమోన్’ అంటే హామ్ వద్దు, ‘మాంతెకా’ అంటే పందికొవ్వు వద్దు అని పేరుపేరునా చెప్పండి. ఆ తర్వాత అత్తగారికి హాయిగా పెట్టించవచ్చు: పచ్చి అరటికాయ వేయించి, అదిమి, మళ్లీ వేయించిన తొస్తోనెస్, పండు అరటి మదూరోస్, వెల్లుల్లి నూనె పోసిన కర్రపెండలం.

ఓషన్ డ్రైవ్‌లో కూర్చోనే వద్దంటే మాత్రం ఒప్పుకోను. పెద్దవాళ్ల మోకాళ్లు ఊరుకోవాలి కదా! పొద్దున్నే వెళ్లి, ధర చూసి ఒక కాఫీ చెప్పి గంట కూర్చోండి. లేదా వాషింగ్టన్ అవెన్యూలోని ‘ఇలెవెన్త్ స్ట్రీట్ డైనర్’కు వెళ్లండి. 1948 నాటి రైలుపెట్టె లాంటి హోటలు అది. 1992లో పెన్సిల్వేనియా నుంచి ఎత్తుకొచ్చి పెట్టారు. బీచ్‌లో ట్రాలీ బస్సు ఉచితం, కారు ఒకచోట ఆపి అందులో తిరగండి.

[బ్రికెల్ నుంచి]

ఇద్దరికీ ధన్యవాదాలు. పార్కు ఆలోచన అత్తగారికి చెప్పాను, పులిహోరకు ఒప్పుకున్నారు. నాన్నగారు మాత్రం కారం లేని పీతేమిటని ఇప్పటి నుంచే గొణుగుతున్నారు.

[కెండాల్ నుంచి]

మిరియాల పొడి, ఉప్పు, నాలుగు నిమ్మచెక్కలు సంచిలో వేసుకోండి. చేతులు తుడుచుకోవడానికి తడిగుడ్డ కూడా.