ఇబ్లీస్ దైవదూతా, జిన్నా?

నజీర్:
అస్సలాము అలైకుం. ఖుర్ఆన్‌లోని బఖరా సూరా (అధ్యాయం) 34వ ఆయతు (వాక్యం)లో ఆదంకు సజ్దా (సాష్టాంగం) చేయమని అల్లాహ్ దైవదూతలకు ఆజ్ఞాపించాడు, ఇబ్లీస్ (షైతాన్) తప్ప అందరూ చేశారు అని ఉంది. ఆజ్ఞ దూతలకైతే, దూత కానివాడు దోషి ఎలా అయ్యాడు?

సలీమా:
వ అలైకుం అస్సలాం. ఇబ్లీస్ జిన్నుల్లోనివాడని (కంటికి కనబడని మరో సృష్టి) కహఫ్ సూరా 50వ ఆయతే చెబుతోంది. వాడికి సంతానం ఉందని కూడా అక్కడే ఉంది. "నన్ను నిప్పుతో పుట్టించావు" అని వాడే అన్నాడు (ఆరాఫ్ 12). దూతలను కాంతితో, జిన్నులను అగ్నిజ్వాలతో సృష్టించడం జరిగిందని ప్రవక్త సతీమణి హజ్రత్ ఆయిషా ఉల్లేఖించిన హదీసు (ప్రవక్త మాట) సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది. ఇక ఆజ్ఞ సంగతి: అదే ఆరాఫ్ 12లో "నేను నిన్ను ఆజ్ఞాపించినప్పుడు సజ్దా చేయకుండా నిన్ను ఆపిందేమిటి?" అని అల్లాహ్ వాణ్నే నిలదీశాడు. అంటే ఆజ్ఞ వాడికీ వర్తించింది. దోషి కావడానికి దూతే అయి ఉండనక్కర్లేదు.

మస్తాన్:
అంత తేలిగ్గా తేల్చేయకండి, సలీమా గారూ. దూతల్లోనే "జిన్ను" అనే ఒక తెగ ఉండేదని, ఇబ్లీస్ ఆ తెగవాడని ప్రవక్త సహచరుడు ఇబ్నె అబ్బాస్ పేరిట ఉల్లేఖనాలున్నాయి. ఖుర్ఆన్ వ్యాఖ్యాత ఇమామ్ తబరీ అటే మొగ్గారు. దూతలు ఆజ్ఞ మీరరని తహ్రీమ్ 6ను చూపిస్తారు గానీ, అది నరకం మీద నియమితులైన దూతల గురించి.

సలీమా:
తహ్రీమ్ విషయంలో మీ మాట నిజమే, మస్తాన్ భాయ్. అందుకే నేను నహల్ సూరా 49, 50 ఆయతులు తీసుకుంటాను. దూతలు అల్లాహ్‌కు సజ్దా చేస్తారు, అహంకరించరు, ఆజ్ఞాపించింది చేస్తారు అని అక్కడ దూతలందరి గురించీ ఉంది. బఖరా 34 ఇబ్లీస్ మీద మోపిన నేరమేమిటి? నిరాకరించాడు, అహంకరించాడు. దూతలకు లేదన్న గుణమే వాడిలో ఉంది! ఇబ్లీస్ రెప్పపాటు కాలం కూడా దూత కాడని తొలితరం పండితుడు హసన్ బస్రీ అన్నారు. మీరు చెప్పిన తరహా ఉల్లేఖనాల్లో చాలావరకు ఇస్రాయీలీ (యూదు, క్రైస్తవ వర్గాల నుంచి వచ్చిన) కథలేనని మరో వ్యాఖ్యాత ఇబ్నె కసీర్ కహఫ్ తఫ్సీరు (వ్యాఖ్యానం)లో రాశారు.

నజీర్:
దూత ఆజ్ఞ మీరగలడంటే, దైవదూత జిబ్రీల్ ప్రవక్తకు తెచ్చిన వహీ (దైవవాణి) మీద అనుమానం రాదా?

మస్తాన్:
రాదు. జిబ్రీల్‌ను నమ్మదగినవాడని ఖుర్ఆన్ విడిగా పేర్కొంది (తక్వీర్ 21). తబరీ వైపున్నవారెవరూ దాన్ని శంకించలేదు. నహల్ ఆయతు మాత్రం బలమైన ఆధారమే, ఒప్పుకుంటాను.

సలీమా:
పిల్లలకు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. ఇబ్లీస్ పేరు అజాజీల్ అని, స్వర్గానికి కాపలాదారుడని చెప్పేవి ఖుర్ఆన్‌లో లేవు. అవి ఉల్లేఖనాలని చెప్పే చెప్పండి.