రేషన్ బియ్యం, ఉపాధి పని జనాన్ని సోమరులను చేస్తున్నాయా?

సిద్దిపేట రైతు:
మాకు ఎనిమిదెకరాలుంది. పత్తి ఏరడానికి మనుషులు దొరక్క నానా తిప్పలు పడుతున్నాం. రేషన్‌లో సన్నబియ్యం, ఉపాధి హామీ, ఆడవాళ్లకు ఫ్రీ బస్సు. ఇన్ని ఇస్తే ఇక చేనుకు ఎవరొస్తారు? ప్రభుత్వమే జనాన్ని సోమరులను చేస్తోందని నా అభిప్రాయం. కాదంటారా?

హైదరాబాద్ ఉద్యోగి:
నూటికి నూరుపాళ్లు నిజం. మా జీతాల్లో పన్ను కోసి పంచిపెడుతున్నారు. అదే డబ్బు బడులకు, ఆసుపత్రులకు పెడితే ఊళ్లు బాగుపడతాయి.

పాలమూరు కూలీ కొడుకు:
అన్నా, నేను కాదంటాను. సన్నబియ్యం మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. పప్పు, నూనె, కూరగాయలు, పిల్లల ఫీజులు, మందులు అన్నీ కొనుక్కోవాల్సినవే. ఆ బియ్యం చూసుకుని పని మానేసే ఇల్లు మా వాడలో ఒక్కటి కూడా లేదు.

ఉపాధి పనికి మా అమ్మ ఇప్పటికీ పోతుంది. ఎండాకాలం పొద్దున్నే పార, తట్ట పట్టుకుని బయల్దేరుతుంది. రోజుకు రెండుసార్లు ఫొటో దిగాలి, లేకపోతే హాజరు పడదు. 2025-26లో రోజు కూలి 307 రూపాయలన్నారు గానీ, అది కొలతను బట్టి. నేల గట్టిగా ఉండి గుంత లోతు రాకపోతే డబ్బులు తగ్గుతాయి. ఆ పని ఎక్కువగా నడిచేది ఎండాకాలంలో, మీ పత్తి ఏరేది దసరా తర్వాత. మరి మీ కూలీలను అదెట్లా ఆపుతుంది? పత్తి అందరి చేలల్లో ఒకేసారి పగులుతుంది, వయసు పిల్లలేమో పట్నంలో బిల్డింగ్ పనులకు పోయారు. కొరత అక్కడ ఉంది.

ఇక లెక్కలోకి వద్దాం. రైతు భరోసా ఎకరాకు ఏడాదికి 12 వేలు. మీ ఎనిమిదెకరాలకు 96 వేలు. ఫొటో లేదు, కొలత లేదు. ఆ 307 చొప్పున మా అమ్మ నూరు రోజులు మట్టి మోసినా 30,700 దాటదు. భూమి లేని కుటుంబానికి ఆత్మీయ భరోసా అని ఏడాదికి 12 వేలు పెట్టారు, మీ ఒక్క ఎకరానికి వచ్చేంత. దానికీ కనీసం 20 రోజులు ఉపాధి పని చేసి ఉండాలని షరతు. సోమరితనం భయం మా దగ్గరే ఎందుకు గుర్తొస్తుంది?

ఉద్యోగి సార్, పన్ను మేమూ కడుతున్నాం. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా జీఎస్టీ ఉంది. బడులు, ఆసుపత్రులు బాగుపడాలన్నది మాత్రం నా మాట కూడా. అక్కడికి పోయేది మేమే కదా.

సిద్దిపేట రైతు:
తమ్ముడూ, రైతు భరోసాను దానితో పోల్చొద్దు. వాన పడకపోతే, పురుగు తగిలితే, ధర రాకపోతే నష్టం మాకే. అది పెట్టుబడి సాయం, ఉచితం కాదు.

పాలమూరు కూలీ కొడుకు:
సాయమే అన్నా, ఒప్పుకుంటా. మీకు రావొద్దని నేననను. కానీ నష్టం భరించేవాళ్లకే అనుకుంటే ముందు కౌలు రైతుకు రావాలి. మా ఊళ్లో ఒకాయన ఆరెకరాలు కౌలుకు చేస్తాడు. విత్తనం, మందులు అన్నీ షావుకారు దగ్గర అప్పే. డబ్బులు పడేది మాత్రం పట్నంలో ఉండే పట్టాదారు ఖాతాలో, చేను ముఖం చూడకుండానే. ఆ డబ్బు కౌలు రైతుకు ఎట్లా చేర్చాలో చెప్పండి, మీ వెంట నేనూ అడుగుతా.