గేమ్‌లో నవ్వు కోసం కండక్టర్‌కి మన యాస పెట్టొచ్చా?

రాజాం_కోడర్:
మాది ఫైనలియర్ ప్రాజెక్టు, యూనిటీలో (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) చిన్న గేమ్. పలాసలో జీడిపప్పు బస్తాతో కిక్కిరిసిన బస్సెక్కి, అది కింద పడకుండా శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో దిగాలి. పడిందంటే కండక్టర్ "ఏటీ, బస్తాకి టికెట్టెవుడు తీస్తాడు?" అంటాడు. క్లాసంతా పడీపడీ నవ్వారు. గైడ్ గారు మాత్రం కామెడీ తీసేసి కోడ్ చూసుకోమంటున్నారు. తీసేయాలా?

బొబ్బిలి_ఆటగాడు:
తీసెయ్ తమ్ముడూ. ఇంటర్వ్యూలో జోకులు అడగరు. అయినా శ్రీకాకుళం యాస వినబడితే చాలు నవ్వాలని సినిమాలు నేర్పింది చాలదా? మనం కూడా అదే చెయ్యాలా?

నాగావళి_గట్టు:
యాస గురించి అన్నయ్య బాధ న్యాయమైనదే. కానీ నవ్వు తీసేస్తే కోడ్ బాగుపడుతుందంటే ఒప్పుకోను. చికాగోలో డీపాల్ యూనివర్సిటీ విద్యార్థులు 2010లో 'ఆక్టోడాడ్' అనే గేమ్ చేశారు. సూటు వేసుకున్న ఆక్టోపస్ మనిషిలా సంసారం చేస్తుంటుంది. దాని కాళ్లూ చేతులూ విడివిడిగా కదపాలి, ఒక వస్తువు అందుకోబోతే నాలుగు కింద పడతాయి. నవ్వంతా ఆ కంట్రోల్స్‌లోనే ఉంది. ఫిజిక్స్ మీద పట్టు లేనివాళ్లు అది చెయ్యలేరు.

తమ్ముడూ, మీ గేమ్‌ని ఒకే మనిషి చేత వరసగా ఆడించి పక్కన కూర్చో. కండక్టర్ మాటకి మొదటిసారి నవ్వుతారు. అదే మాట మళ్లీమళ్లీ వస్తే విసుక్కుంటారు. బస్సు బ్రేకేసినప్పుడు బస్తా జారి ఎవరి ఒళ్లో పడుతుందో తెలియకపోతే మాత్రం ప్రతిసారీ నవ్వొస్తుంది. ఎంత ఆలస్యంగా జారాలి, ఎంత దూరం దొర్లాలి అని సరిచేసుకుంటూ పోవడమే నీ అసలు చదువు.

యాస ఉంచు, కానీ ఒక్క కండక్టర్ నోటే పెట్టకు. 1990లో వచ్చిన 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్' గేమ్‌లో ఎదుటివాడి ఎత్తిపొడుపుకి సరైన జవాబు ఇచ్చినవాడే కత్తియుద్ధం గెలుస్తాడు. బస్తా టికెట్టు కోసం కండక్టర్‌తో మాటకి మాట పెట్టు. ఆటగాడు గెలవాలన్నా మన యాసలోనే గెలవాలి. అప్పుడు నవ్వొచ్చేది ఆ చురుకుకి.

బొబ్బిలి_ఆటగాడు:
ఆటగాడే ఆ మాట అంటాడంటే సరే. కానీ రాసేది అక్కడివాళ్లే అయ్యుండాలి, సినిమా యాస వద్దు.

రాజాం_కోడర్:
మా రూమ్మేట్‌ది టెక్కలి, వాడి చేత రాయిస్తాను. ఇంకో చిక్కుంది. యూనిటీలో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రోలో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి.

నాగావళి_గట్టు:
దానికి తెలుగు అక్షరాలు కలపడం రాదు. మాటలన్నీ బొమ్మలుగా చేసి పెట్టు. అంతకంటే మంచిది, మీ రూమ్మేట్ గొంతే రికార్డు చెయ్యి.