పిచ్చుకలు లాగిన రథం: సాఫో అఫ్రొడైటికి మొక్కిందా, ఆటపట్టించిందా?

కృష్ణ ఒడ్డు:

రెండు వారాలుగా ఒకే పాట పట్టుకుని కూర్చున్నాను. మొత్తం 28 పాదాలు. క్రీ.పూ. 600 ప్రాంతంలో లెస్బోస్ దీవిలో గ్రీకు కవయిత్రి సాఫో కట్టింది. ఆవిడ పాటలన్నీ ముక్కలు ముక్కలుగా మిగిలితే, మొదటి మాట నుంచి చివరి మాట దాకా నిలిచింది ఇదొక్కటే. అది కూడా మరొకరి పుణ్యమే. క్రీ.పూ. 1వ శతాబ్దంలో రోములో ఉన్న డయొనీసియస్ అనే గ్రీకు పండితుడు, మాటల్ని గరుకు లేకుండా ఎలా కూర్చాలో చూపించడానికి ఈ పాటంతా ఎత్తి రాసిపెట్టాడు.

చదవనివాళ్ల కోసం విషయం చెబుతాను. సాఫో ఒకరి మీద మనసు పడింది. అవతలి మనిషి లెక్కచేయడం లేదు. అందుకని ప్రేమదేవత అఫ్రొడైటిని పిలుస్తోంది. నాకు అర్థమైనంతలో ఇలా ఉంటుంది: 'ఇదివరకెప్పుడైనా నా గొంతు విని వచ్చి ఉంటే ఇప్పుడూ రా. అప్పుడు మీ నాన్న ఇల్లు వదిలి రథం కట్టుకుని వచ్చావు. అందమైన, వడిగల పిచ్చుకలు రెక్కలు టపటపలాడిస్తూ నిన్ను ఆకాశం నుంచి నల్లటి నేల మీదికి తెచ్చాయి. చావులేని ముఖంతో నవ్వుతూ అడిగావు, మళ్ళీ ఏమైందని, మళ్ళీ ఎందుకు పిలిచావని. మళ్ళీ ఎవర్ని ఒప్పించాలి? ఎవరు, సాఫో, నీకు అన్యాయం చేసింది?'

నా వాదన ఏమిటంటే ఇది స్తోత్రం కాదు, స్తోత్రం వేషం వేసుకున్న చమత్కారం. దేవతల రథాలకు గుర్రాలుంటాయి. ఈవిడకి పిచ్చుకలట. పైగా 'మళ్ళీ' మూడుసార్లు. దేవతే విసుగ్గా, ముద్దుగా 'ఈసారి ఎవరమ్మా' అంటోంది. 1955లో డెనిస్ పేజ్ అనే ఇంగ్లిష్ పండితుడు కూడా ఆ నవ్వును ఇంచుమించు ఇలాగే చదివాడు. మీరేమంటారు?

పాత అటక:

కృష్ణ ఒడ్డు గారూ, 'పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం' వింటూ పెరిగిన చెవి మనది. పిచ్చుక అనగానే మనకు అల్పం, పాపం, గుప్పెడు ప్రాణం. మీకొచ్చిన నవ్వు ఆ చెవిలో పుట్టింది కానీ పాటలో లేదు.

గ్రీకువాళ్లకు పిచ్చుక అంటే కామం మెండుగా ఉన్న పక్షి. క్రీ.శ. 200 ప్రాంతంలో అథెనేయస్ అనే గ్రీకు రచయిత ఇదే విషయం రాస్తూ, అందుకే సాఫో పాటలో అఫ్రొడైటిని పిచ్చుకలు తెచ్చాయని గుర్తుచేశాడు. సంతానం, సందడి, వసంతం, అన్నీ ఆ పిట్టలో ఉన్నాయి. దేవతకు తగిన వాహనమే అది.

ఇంకా వెనక్కి వెళ్తే హోమర్ యుద్ధకావ్యం ఇలియడ్ రెండో సర్గలో పిచ్చుకే శకునం. ట్రాయ్ మీదికి వెళ్తున్న గ్రీకుల ఓడలు ఔలిస్ రేవులో ఆగినప్పుడు ఒక పాము చెట్టెక్కి ఎనిమిది పిచ్చుక పిల్లల్ని, తొమ్మిదోదిగా తల్లిని మింగింది. తొమ్మిదేళ్లు యుద్ధం, పదో ఏట ట్రాయ్ పడుతుందని, శకునాలు చెప్పే కాల్కస్ దాన్ని చదివాడు. అక్కడ నవ్విన గ్రీకువాడు ఒక్కడూ లేడు.

కృష్ణ ఒడ్డు:

శకునం సరే. మరి క్రీ.పూ. 411లో అరిస్టొఫనీస్ 'లైసిస్ట్రాటా' అనే హాస్యనాటకం ఆడించినప్పుడు ఏథెన్స్ జనం దేనికి నవ్వారు? యుద్ధం ఆపేదాకా మొగుళ్ల దగ్గరికి వెళ్లబోమని ఒట్టు పెట్టుకున్న ఆడవాళ్లు కొండమీది కోటలోంచి తప్పించుకోవాలని చూస్తుంటారు. అందులో ఒకామె పిచ్చుక ఎక్కి ఎగిరిపోబోతే జుట్టు పట్టుకుని ఆపారని వాళ్ల నాయకురాలు లైసిస్ట్రాటా చెబుతుంది. పిచ్చుక సవారీ అంటే వాళ్లకూ కామెడీయే కదా!

పాత అటక:

ఆ నాటకం సాఫో తర్వాత దాదాపు 200 ఏళ్లకు వచ్చింది. అయినా ఆ జోకు మీకు ఉపయోగపడదు, నాకే పడుతుంది. పిచ్చుక అంటే కామం అని ప్రేక్షకులకు ముందే తెలిస్తేనే అది పేలుతుంది. పిట్ట చిన్నదైనందుకు కాదు వాళ్లు నవ్వింది.

నైట్ షిఫ్ట్:

డ్యూటీలో ఉండి చదువుతున్నా, ఒక చిన్న డౌట్. రథానికి ఎన్ని పిచ్చుకలు కట్టాలి? సాఫో లెక్క చెప్పలేదు. లోడ్ లెక్కేస్తే కనీసం వెయ్యి కావాలి సార్.

సీరియస్‌గా అడుగుతున్నా. మన మన్మథుడికి చిలక వాహనం. సౌందర్యలహరి ఆరో శ్లోకంలో ఆయన విల్లు పువ్వులు, అల్లెతాడు తుమ్మెదలు, యుద్ధరథం మలయమారుతం. దాన్ని చదివి ఎవరూ జోక్ అనరు కదా? గాలిని రథం చేస్తే భక్తి, పిచ్చుకల్ని కడితే కామెడీనా?

సగం గ్రీకు:

నైట్ షిఫ్ట్ గారూ, రెండు సంప్రదాయాల్ని పక్కపక్కన పెట్టి 'చూశారా, ఒకటే' అనడం నాకు నచ్చదు. కానీ ఆ శ్లోకం మీరు అనుకున్నదానికంటే పనికొస్తుంది. ఇంత బలహీనమైన సామగ్రితో, ఒంటరిగా, ఒళ్లే లేనివాడు లోకాన్నంతా గెలుస్తున్నాడే, అదంతా అమ్మవారి కడగంటి చూపు వల్ల అన్నదే అక్కడ విషయం. సామగ్రి బలహీనమని కవికి తెలుసు, కావాలనే చెబుతున్నాడు. అంటే చిన్నతనం కూడా లెక్కలోదే. పాత అటక గారు పిచ్చుకలోని చిన్నతనాన్ని పూర్తిగా తుడిచేయడం అందుకే నాకు ఒప్పుదల కాదు.

ఇద్దరూ పిట్ట దగ్గరే ఆగిపోయారు, రథాన్ని చూడండి. ఇలియడ్ అయిదో సర్గలో హేరా, అథీనా అనే దేవతలు రథమెక్కి భూమికి దిగుతారు. భూమికీ చుక్కల ఆకాశానికీ మధ్య గుర్రాలు ఎగురుతాయి. సాఫో పాటలో దారి అదే, వాహనమే మారింది. అదే సర్గలో అంతకుముందు అఫ్రొడైటి యుద్ధంలోకి వచ్చి దెబ్బతింటుంది. గ్రీకు వీరుడు డయొమీడిస్ ఈటెతో ఆమె మణికట్టు దగ్గర పొడుస్తాడు. ఆమె ఏడుస్తూ తల్లి డయొనీ ఒళ్లో పడుతుంది. తండ్రి జ్యూస్, దేవతల రాజు, చిరునవ్వు నవ్వి, యుద్ధం నీ పని కాదు తల్లీ, పెళ్లి సంగతులు చూసుకో అంటాడు.

ఇప్పుడు సాఫో చివరి మాట చూడండి: 'నువ్వే నాకు సుమ్మఖోస్ కా'. అది సైనికుల మాట, యుద్ధంలో పక్కన నిలబడే మిత్రుడు అని అర్థం. యుద్ధం నీది కాదని తండ్రి చెప్పేసిన దేవతను సాఫో మళ్ళీ యుద్ధానికే పిలుస్తోంది, అదీ గుర్రాలు లేకుండా. అక్కడ నవ్వింది జ్యూస్, ఇక్కడ నవ్వుతున్నది అఫ్రొడైటి. గ్రీకులో రెండుచోట్లా నవ్వుకు ఒకే ధాతువు. సాఫో దీన్నంతా లెక్కవేసి రాసిందని రుజువు చేయలేను. కానీ ఇలియడ్ నోటికొచ్చిన శ్రోతలకు ఇది వినిపించకుండా ఉంటుందా?

కృష్ణ ఒడ్డు:

ఇది బాగుంది. కానీ ఇది నా వైపు వాదన కాదా? హోమర్ యుద్ధ దృశ్యాన్ని పిచ్చుకలతో మళ్ళీ ఆడించడమంటే పేరడీయే కదా.

సగం గ్రీకు:

పేరడీ అంటే అసలుదాన్ని తగ్గించాలి. ఇక్కడ ఏది తగ్గింది? నాకు తెలిసి హోమరే కొంచెం తగ్గాడు :)

మందారం:

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. అందరూ సాఫో మీదే ఉన్నారు. దేవతను స్తుతిస్తూనే నవ్వడం కుదురుతుందా అన్నది ప్రశ్న అయితే, హోమర్ పేరిట చెప్పే అఫ్రొడైటి స్తోత్రాల్లో పెద్దదాన్ని చదవాలి, 293 పాదాలు ఉన్నదాన్ని.

మొదలే తమాషాగా ఉంటుంది. ఈమె శక్తికి లొంగనివాళ్లు ముగ్గురు దేవతలే, అథీనా, ఆర్టెమిస్, హెస్టియా. జ్యూస్ కూడా లొంగినవాడే. 'దేవుళ్లందరికీ మనుషుల ఆడవాళ్లను అంటగట్టాను' అని ఈమె అందరి ముందూ నవ్వకుండా ఉండాలని, జ్యూస్ ఈమెకే ఒక మనిషి మీద మోహం పుట్టిస్తాడు. అతను ఆంకైసిస్, ట్రాయ్ దగ్గర ఈడా కొండ మీద పశువులు కాసుకునేవాడు.

ఆమె సైప్రస్‌లోని పాఫోస్ గుడికి వెళ్లి తలుపులు వేసుకుంటుంది. గ్రేసులు అనే చెలికత్తె దేవతలు ఆమెకు స్నానం చేయించి వాసన నూనె పూస్తారు. అక్కడి నుంచి మబ్బుల దారిలో ట్రాయ్ వైపు వస్తుంది. రథం లేదు, పిచ్చుకలు లేవు. ఈడా మీద నడుస్తుంటే బూడిదరంగు తోడేళ్లు తోకలాడిస్తూ వెనక వస్తాయి. సింహాలు, ఎలుగుబంట్లు, చిరుతలు కూడా. ఆమె వాటిని చూసి సంతోషించి గుండెల్లో కోరిక పెడుతుంది. అన్నీ జంటలుగా నీడపట్టున పడుకుంటాయి. నాకు ఈ పద్యం మొత్తంలో ఇష్టమైన చోటు ఇదే. దేవత వస్తోందని ఎవరూ చాటలేదు, కొండే చెప్పింది.

ఇక ఆంకైసిస్ గుడిసెలో ఆమె అబద్ధం వినండి. తాను ఫ్రిజియా రాజు ఒట్రియస్ కూతురినట. మరి నీ భాష ఎలా వచ్చిందని అతను అడగకముందే, మా ఇంట్లో ట్రాయ్ దాది పెంచింది, అందుకే రెండు భాషలూ వచ్చు అంటుంది! ప్రేమదేవత కూడా ఇంత జాగ్రత్తగా అబద్ధం అల్లాల్సి వచ్చింది. తర్వాత పడక. దాని మీద పరిచినవి ఎలుగుబంటి తోళ్లు, సింహం తోళ్లు, అతను కొండల్లో చంపినవి. కాసేపటి క్రితం ప్రాణంతో తోకలాడించిన జాతులే ఇప్పుడు పరుపు.

చివరికి అవమానం ఆమెదే. మనిషి పక్కలో పడుకున్నందుకు తనను పట్టిన ఘోరమైన బాధ గుర్తుగా కొడుక్కి ఐనియాస్ అని పేరు పెడతానంటుంది. గ్రీకులో 'ఐనొస్' అంటే ఘోరమైనది. ఇకపై దేవతల ముందు ఆ పాత గొప్పలు చెప్పుకోలేనని ఒప్పుకుంటుంది. ఇంత జరిగాక పాట చివర ఆమెకు జేజేలు పలికి ముగుస్తుంది. అంటే గ్రీకువాళ్లకు నవ్వడానికీ స్తుతించడానికీ గొడవ లేదు. 'మొక్కిందా, ఆటపట్టించిందా' అని రెండు గదులు కట్టింది మనమే.

కృష్ణ ఒడ్డు:

అయితే ఇంతసేపూ నేను వెతుకుతున్న మాట మన దగ్గరే ఉంది, నిందాస్తుతి. దేవుణ్ణి తిడుతున్నట్టే పొగడటం. సాఫో పాటను కూడా ఆ అరలో పెట్టేద్దామా?

పాత అటక:

మందారం గారి పద్యానికి కొంతవరకు అతుకుతుంది. సాఫోకి అతకదు. నిందాస్తుతిలో మాటలు పడేది దేవుడు, అనేది భక్తుడు. ఇక్కడ తిరగబడింది. 'మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ' అని అనిపించుకుంటున్నది భక్తురాలు. అంటున్నది దేవత. ఆ మాటలు రాసిందేమో భక్తురాలే. తన పేరును కూడా దేవత నోట పలికించుకుంది.

ఇంకోటి. ఇలియడ్ మొదట్లో అపొలో దేవుడి పూజారి ఖ్రైసెస్ మొక్కుతాడు, 'నీకు గుడి కప్పు వేయించి ఉంటే, ఎద్దుల తొడలు కాల్చి ఉంటే' నా కోరిక తీర్చు అని. తాను చేసిన సేవ చిట్టా విప్పాడు. సాఫో చిట్టాలో తను చేసిందేమీ లేదు. నువ్వు వచ్చావు, నువ్వు నవ్వావు, నువ్వు అడిగావు, అంతే. ఏడు చరణాల్లో అయిదింట ఆ జ్ఞాపకమే. ఇంత చనువు భక్తి లేకుండా రాదు. నేను ఇందాక 'నవ్వు పాటలో లేదు' అన్నాను. ఉంది. కానీ అది పిచ్చుకల మీద కాదు.

నైట్ షిఫ్ట్:

అంటే కస్టమర్ కేర్‌లో రెగ్యులర్ కాలర్ నంబరు చూసి 'చెప్పండి సాఫో గారూ, మళ్ళీ ఏమైంది' అన్నట్టు.

మందారం:

హహ. అలాగే అనుకోండి.

కానీ దేవత ఇచ్చే మాట దగ్గర నవ్వు ఆగిపోతుంది, అక్కడ ఎవరూ ఆగలేదు. 'పారిపోతే త్వరలోనే వెంటపడుతుంది, కానుకలు తీసుకోకపోతే తనే ఇస్తుంది, ప్రేమించకపోతే ప్రేమిస్తుంది, ఇష్టం లేకపోయినా.' ఇది వరం కంటే వశీకరణ మంత్రంలా ఉంది. అలా చదివినవాళ్లూ ఉన్నారు. పైగా ఎవరి వెంట పడుతుంది? గ్రీకు వాక్యంలో 'ఫలానా వాళ్ల వెంట' అన్న కర్మ పదం లేదు. ఆన్ కార్సన్ అనే కవయిత్రి, గ్రీకు పండితురాలు 1980లో ఒక వ్యాసంలో ఇదే పట్టుకుంది. సాఫో వెంటే పడుతుందని దేవత ఎక్కడా అనలేదు. రేపు ఆ అవతలి మనిషి కూడా ఎవరి వెంటో తిరిగి ఇదే బాధ పడుతుంది, అదే న్యాయం అని కార్సన్ చదివిన తీరు.

తెలుగులోకి తెచ్చేటప్పుడు నా కష్టం వేరు. గ్రీకు క్రియల్లో ఆడా మగా తెలియదు. 'ఇష్టం లేకపోయినా' అన్న ఆ ఒక్క మాట, 'ఎథెలొయ్‌సా', స్త్రీలింగం. అవతల ఉన్నది ఆడమనిషి అని పాట మొత్తానికి చెప్పేది అదొక్కటే. 1711లో ఆంబ్రోస్ ఫిలిప్స్ అనే కవి ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడు ఆ మనిషిని మగవాణ్ణి చేసేశాడు. మనమేమో 'వెంటపడుతుంది' అనగానే మొదటి మాటలోనే గుట్టు విప్పేస్తాం.

పాత అటక:

'తప్పదు' వాడి చూడండి. దానికి లింగం అంటదు. 'ఇప్పుడు పారిపోతున్నా రేపు వెంటపడక తప్పదు. కానుకలు కాదన్నా రేపు ఇవ్వక తప్పదు. ప్రేమ లేకున్నా రేపు ప్రేమించక తప్పదు, ఆమెకు ఇష్టం లేకపోయినా.'

మందారం:

'ఆమె' చివర్లో పడింది! ఎవరి వెంటో కూడా చెప్పలేదు. ఇది నేను తీసుకుంటున్నానండి.

కృష్ణ ఒడ్డు:

తీసుకోండి. 'మళ్ళీ' మాత్రం మూడుసార్లూ ఉంచండి, ఒకటి ఎక్కువైందని ఎవరు దిద్దినా వినకండి. పిచ్చుకల విషయంలో నేనింకా పూర్తిగా ఒప్పుకోలేదు.