జంట బ్లాక్ హోల్స్ ఒక పార్సెక్ దగ్గరే ఆగిపోతున్నాయి, ఏం చేయాలి?

రెండు గెలాక్సీలు కలిశాక వాటి మధ్యనున్న భారీ బ్లాక్ హోల్స్ ఎలా ఒకటవుతాయో ఎన్-బాడీ సిములేషన్ (ఎన్నో కణాల మధ్య గురుత్వాకర్షణను కంప్యూటర్‌లో లెక్కించడం) చేస్తున్నాను. ఒక్కోదాని ద్రవ్యరాశి 10 కోట్ల సూర్యులంత. మొదట డైనమికల్ ఫ్రిక్షన్ (చుట్టూ ఉన్న నక్షత్రాల గురుత్వం వేగాన్ని తగ్గించడం) వల్ల చకచకా దగ్గరవుతున్నాయి. సుమారు ఒక పార్సెక్, అంటే 3.26 కాంతి సంవత్సరాల దూరానికి వచ్చాక కక్ష్య కుదించుకోవడం దాదాపు ఆగిపోతోంది. దగ్గరికొచ్చిన నక్షత్రాలను ఆ జంట విసిరేయడంతో లాస్ కోన్ (జంటకు బాగా దగ్గరగా వచ్చే కక్ష్యల్లోని నక్షత్రాల గుంపు) ఖాళీ అవుతోందని అర్థమైంది. కానీ నక్షత్రాలకు బదులు వాడే కణాల సంఖ్య 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచితే ఇంకా నెమ్మదించింది! రోజుల తరబడి నడిపిన రన్ ఇది, చాలా టెన్షన్‌గా ఉంది.

నా గెలాక్సీ నమూనా పూర్తిగా గోళాకారం. మూడు అక్షాలూ వేరువేరుగా ఉండే ఆకారం తీసుకుంటే నక్షత్రాల సరఫరా ఆగకుండా ఉంటుందా? సాఫ్టెనింగ్ (ఏ దూరం లోపల గురుత్వ బలాన్ని కృత్రిమంగా తగ్గిస్తామో అది) 0.1 పార్సెక్ పెట్టాను, బ్లాక్ హోల్స్ మధ్య దాన్ని సున్నా చేయాలా? గురుత్వ తరంగాల కోసం పోస్ట్-న్యూటోనియన్ పదాలు (న్యూటన్ సమీకరణాలకు సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం చేర్చే సవరణలు) ఏ దశలో కలపాలి? ఇలాంటివి చేసినవాళ్ళు దయచేసి చెప్పండి.